సీనియర్ సెంటర్ బాగు కోసం డెట్ ఎక్స్‌క్లూజన్: ఓటేసే ముందు చూసుకోవాల్సినవి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మసాచుసెట్స్‌లో చిన్న టౌన్, ఇల్లు కొని నాలుగేళ్ళు. పెద్దవాళ్ళ కోసం టౌన్ నడిపే పాత సీనియర్ సెంటర్‌ని బాగుచేయడానికి డెట్ ఎక్స్‌క్లూజన్, అంటే ఆ పనికి చేసే అప్పు తీర్చడానికి అదనంగా ఆస్తి పన్ను వేసుకునే అనుమతి, వచ్చే నెల బ్యాలెట్ మీద పెట్టారు. మీ శ్రీమతికి సిటిజన్‌షిప్ ఉంది, మీకు గ్రీన్ కార్డు. మీ అమ్మగారు కూడా గ్రీన్ కార్డు మీద వచ్చి మీ దగ్గరే ఉంటున్నారు. పక్కింటాయన "ఒక్కసారి ఔనంటే పన్ను ఇక జన్మలో తగ్గదు" అన్నారు. తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఇంకొకరు "మనవాళ్ళెవరూ అక్కడికి పోరు, మనకెందుకు" అన్నారు. ఇందులో ఏది నిజం, ఎటు ఓటేయాలి అని మీరు అడిగారు.

నేను ఈ రాష్ట్రానికి వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. మా టౌన్‌లో పెద్దవాళ్ళ సేవలు చూసే కౌన్సిల్ ఆన్ ఏజింగ్ బోర్డులో ఆరేళ్ళు, సీనియర్ సెంటర్ బిల్డింగ్ కమిటీలో నాలుగేళ్ళు ఉన్నాను. మా ఓటు మొదటిసారి ఓడిపోయింది, రెండోసారి గెలిచింది. రెండుసార్లూ లెక్కలు కట్టినవాళ్ళలో నేనొకదాన్ని. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

పక్కింటాయన మాటతో మొదలుపెడతాను. ఆయన అన్నది ఓవర్‌రైడ్ విషయంలో నిజం, డెట్ ఎక్స్‌క్లూజన్ విషయంలో కాదు. 1980లో ఈ రాష్ట్ర ఓటర్లు ప్రపోజిషన్ రెండున్నర అనే చట్టం తెచ్చుకున్నారు. టౌన్ మొత్తం మీద వసూలు చేసే ఆస్తి పన్నుకు ఒక పరిమితి ఉంటుంది, అది ఏటా రెండున్నర శాతమే పెరుగుతుంది. కొత్తగా కట్టిన ఇళ్ళ మీద వచ్చే పన్ను దానికి అదనం. అంతకు మించి కావాలంటే ఓటర్లను అడగాల్సిందే. ఓవర్‌రైడ్ గెలిస్తే ఆ పరిమితే పైకి జరుగుతుంది, దానంతట అది మళ్ళీ కిందికి రాదు. డెట్ ఎక్స్‌క్లూజన్‌లో ఒక అప్పుకు కట్టాల్సిన అసలు, వడ్డీ వరకే పరిమితి దాటనిస్తారు. అప్పు తీరిపోయాక ఆ అదనపు పన్ను కూడా పోతుంది. ఇరవై ఏళ్ళ బాండ్ అయితే ఇరవై ఏళ్ళు. ఇరవై ఏళ్ళంటే తక్కువ కాలమేమీ కాదు, ఆ మాట దాచకూడదు. అలాగని జన్మంతా కట్టేదీ కాదు.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీర్చేస్తాను. ఆ రెండున్నర శాతం టౌన్ మొత్తానికి పెట్టిన గీత, మీ ఒక్క ఇంటి బిల్లుకు కాదు. మీ వీధిలో ఇళ్ళ విలువ మిగతా టౌన్ కంటే ఎక్కువ పెరిగిందనుకోండి, ఏ ఓటూ జరగకపోయినా మీ బిల్లు ఐదారు శాతం పెరగొచ్చు. ఆ కోపం తీసుకొచ్చి సీనియర్ సెంటర్ మీద చూపించినవాళ్ళని నేను చాలామందిని చూశాను.

మీరు ఒక్క ఓటు అని రాశారు గానీ, నిజానికి ఇవి రెండు. టౌన్ మీటింగ్‌లో, అంటే ఊరి నిర్ణయాలు ఓటేసి తీసుకునే సభలో, ఈ అప్పు చేయడానికి మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. బ్యాలెట్‌లో సగం కంటే ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు. రెండూ గెలిస్తేనే పని మొదలవుతుంది. కొన్ని టౌన్లలో మీటింగ్ ముందు జరుగుతుంది, కొన్నిచోట్ల బ్యాలెట్ ముందు. మా మొదటి ఓటప్పుడు టౌన్ మీటింగ్‌లో చప్పట్లు కొట్టి గెలిపించిన వాళ్ళలో కొందరు ఇక పని అయిపోయిందనుకుని పది రోజుల తర్వాత బ్యాలెట్‌కి రానేలేదు. నలభై మూడు ఓట్ల తేడాతో ఓడిపోయాం. కాబట్టి మీ శ్రీమతికి రెండు తేదీలూ క్యాలెండర్‌లో పెట్టి ఇవ్వండి.

బ్యాలెట్ పేపర్ మీద ప్రశ్న చదివి కంగారు పడకండి. అందులో డాలర్ల సంఖ్య కనపడదు. ఫలానా కట్టడం కోసం తీసుకునే బాండ్‌కి కట్టాల్సిన మొత్తాన్ని ప్రపోజిషన్ రెండున్నర నుంచి మినహాయించవచ్చా అని మాత్రమే ఉంటుంది. చట్టంలో ఉన్న నమూనాయే అది. "ఎంతో చెప్పకుండా ఖాళీ చెక్కు అడుగుతున్నారు" అని కరపత్రాలు పంచుతారు, మా ఊళ్ళో పంచారు. మొత్తం ఎంతో రాసి ఉండేది టౌన్ మీటింగ్ వారెంట్‌లో, అంటే సభ ముందుకు వచ్చే అంశాల పత్రంలో. అక్కడ ఆమోదించిన మొత్తానికి మించి అప్పు చేయడానికి లేదు. ఆ వారెంట్ టౌన్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. దాంట్లో ఈ అప్పు గురించిన ఆర్టికల్ (అంశం), దాని కింద ఫైనాన్స్ కమిటీ రాసిన అభిప్రాయం, రెండూ చదవండి. ఫైనాన్స్ కమిటీలో భిన్నాభిప్రాయం ఉంటే ముఖ్యంగా అది చదవండి.

ఇప్పుడు అందరికీ కావాల్సిన లెక్క. "పన్నెండు మిలియన్లట" అనే మాట ఒక్కరోజులో ఊరంతా పాకుతుంది. మన ఇంటికి ఎంత అనేది మాత్రం ఎవరికీ చేరదు. ఒక కాగితం తీసుకుని ఇలా కట్టండి. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి నేను అనుకున్నవి, మీ టౌన్‌వి కావు. అప్పు 12 మిలియన్ డాలర్లు, గడువు 20 ఏళ్ళు, వడ్డీ 4 శాతం, టౌన్‌లో ఉన్న ఆస్తులన్నిటి అసెస్డ్ విలువ (పన్ను కోసం టౌన్ కట్టిన విలువ) 6 బిలియన్ డాలర్లు. ఏటా ఒకే వాయిదా కట్టుకుంటూ పోతే సంవత్సరానికి సుమారు 8,83,000 డాలర్లు అవుతుంది. దాన్ని 6 బిలియన్‌తో భాగించండి, ప్రతి వెయ్యి డాలర్ల ఆస్తికి దాదాపు 14.7 సెంట్లు. మీ ఇంటి అసెస్డ్ విలువ 8,00,000 అయితే ఏడాదికి 118 డాలర్లు, అంటే నెలకు పది లోపు.

కొన్ని టౌన్లు ఇలా సమాన వాయిదాలు పెట్టవు, అసలును ఇరవై సమాన భాగాలు చేస్తాయి. అప్పుడు అదే ఇంటికి మొదటి ఏడాది 144 డాలర్లు పడి, ఏటా కొంచెం కొంచెం తగ్గుతూ చివరి ఏడాదికి 83కి వస్తుంది. ఈ పద్ధతిలో టౌన్ కట్టే మొత్తం వడ్డీ 5.04 మిలియన్, సమాన వాయిదాలైతే 5.66 మిలియన్. మొదట భారం ఎక్కువ, మొత్తం మీద ఆదా. మీ టౌన్ ఏ పద్ధతి ఎంచుకుందో అడగండి. "సగటు ఇంటికి ఇంత" అని వేసిన స్లైడ్‌లో మొదటి ఏడాది అంకె ఉందా, ఇరవై ఏళ్ళ సగటు ఉందా అన్నది దీన్నిబట్టే తెలుస్తుంది. చాలా గొడవలు ఇక్కడే వస్తాయి. ఒకరు 144 అంటారు, ఇంకొకరు 114 అంటారు, ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు.

అలాగే పాత అప్పులు ఎప్పుడు తీరుతున్నాయో కూడా అడగండి. ఎప్పుడో కట్టిన స్కూలు బాండ్ వచ్చే రెండేళ్ళలో తీరిపోతుంటే, ఆ మేరకు పన్ను తగ్గే చోట ఇది వచ్చి కూర్చుంటుంది. బిల్లు పెరిగినట్టే అనిపించకపోవచ్చు. ఇంకో సంగతి, ఓటు గెలిచిన మర్నాడే పన్ను పెరగదు. కట్టడం జరుగుతున్నంతకాలం టౌన్లు ఎక్కువగా స్వల్పకాలిక అప్పు మీద నడుపుతాయి, పూర్తి బాండ్ తర్వాత తీసుకుంటాయి. మూడు నెలలకోసారి బిల్లు వచ్చే టౌన్లలో జులై, అక్టోబరు బిల్లులు అంచనా మీద పంపేవి. అసలు మార్పు కనిపించేది జనవరి బిల్లులో.

మీ ఓటు సంగతి. గ్రీన్ కార్డుతో ఓటు వేయకూడదు, ఓటరుగా నమోదు కూడా చేసుకోకూడదు. ఇది చిన్న టౌన్ ఓటే కదా అనుకోవద్దు. ఈ రాష్ట్రంలో టౌన్ ఎన్నికలకైనా సిటిజన్ అయి ఉండాలి. సిటిజన్ అని టిక్ పెట్టి సంతకం చేస్తే అది మీ ఇమిగ్రేషన్ ఫైలుకే ముప్పు, దేశం నుంచి పంపించే దాకా వెళ్తుంది. ఆర్‌ఎంవీ కౌంటర్ దగ్గర లైసెన్స్ పని మీద వెళ్ళినప్పుడు కూడా ఆ ప్రశ్న దగ్గర జాగ్రత్తగా ఉండండి. మీ అమ్మగారికీ చెప్పండి. మీ శ్రీమతి ఇంకా నమోదు చేసుకోకపోతే ఎన్నికకు పది రోజుల ముందు వరకు టైం ఉంటుంది, 2022లో వచ్చిన చట్టం ఇరవై రోజుల గడువును పదికి తగ్గించింది.

ఓటు లేకపోయినంత మాత్రాన మాట లేనట్టు కాదు. టౌన్ మీటింగ్‌కి మీరు వెళ్ళొచ్చు. ఓటర్లు కానివాళ్ళకి విడిగా సీట్లు ఉంటాయి, సభ నడిపే మోడరేటర్ అనుమతి తీసుకుని మాట్లాడొచ్చు. పన్ను కట్టేది మీరు కూడా. టౌన్ పాలన చూసే సెలెక్ట్ బోర్డుకి ఈమెయిల్ రాయడానికి, పబ్లిక్ ఫోరంలో ప్రశ్న అడగడానికి ఏ కార్డూ అక్కర్లేదు.

రాష్ట్రమే డబ్బు ఇవ్వొచ్చు కదా అని కూడా మీరు అడిగారు. స్కూలు కట్టాలంటే 2004లో ఏర్పడిన స్కూల్ బిల్డింగ్ అథారిటీ ఉంది, సేల్స్ టాక్స్‌లో ఒక పెన్నీ దానికి పోతుంది, అర్హత ఉన్న ఖర్చులో పెద్ద వాటా తిరిగి ఇస్తుంది. లైబ్రరీలకూ రాష్ట్ర గ్రాంట్ల కార్యక్రమం ఉంది. సీనియర్ సెంటర్లకి అలాంటి ఏర్పాటు లేదు. 1965 నాటి ఓల్డర్ అమెరికన్స్ చట్టం కింద వచ్చే ఫెడరల్ డబ్బు చాలావరకు భోజనాలు, సేవల కోసమే. మిగిలింది 1974లో మొదలైన కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్. సీనియర్ సెంటర్ పనులు దాని కింద చేయించుకోవచ్చు, కానీ పోటీ గట్టిగా ఉంటుంది, వచ్చినా ఇలాంటి ప్రాజెక్టులో ఒక ముక్కకే సరిపోతుంది. కట్టడం నిజంగా పాతదీ చారిత్రకమైనదీ అయి, చారిత్రక కట్టడాల లాంటి వాటికి నిధి పెట్టుకునే కమ్యూనిటీ ప్రిజర్వేషన్ చట్టంలో మీ టౌన్ చేరి ఉంటే, ఆ నిధిలోంచి పైకప్పు, కిటికీల లాంటి పనులకు కొంత అడగొచ్చు. మీ కమిటీ ఇవి అడిగిందా లేదా అన్నది పబ్లిక్ ఫోరంలో వేయాల్సిన మంచి ప్రశ్న. మా కమిటీని ఎవరో అడిగేదాకా మేము బ్లాక్ గ్రాంట్ గురించి ఆలోచించలేదు, అది మా తప్పు.

"రెండు బాత్రూములు, పైకప్పు బాగుచేస్తే పోయేదానికి ఇన్ని మిలియన్లా?" అనే ప్రశ్న దగ్గర కొంచెం ఆగుతాను. ఓటు తేలేది ఎక్కువగా దీనిమీదే. ఈ రాష్ట్రంలో వికలాంగుల సౌకర్యాల నియమాలు 521 సీఎంఆర్ అని ఉంటాయి. అందులో ఒక లెక్క ఉంది. పని ఖర్చు లక్ష డాలర్లు దాటితే, చేసే పనితో పాటు ప్రవేశద్వారం, టాయిలెట్, మంచినీళ్ళ కొళాయి లాంటివి కూడా అందరూ వాడగలిగేలా మార్చాలి. ఖర్చు ఆ కట్టడం విలువలో 30 శాతానికి చేరితే మాత్రం మొత్తం కట్టడాన్ని నియమాలకు తగ్గట్టు మార్చాలి. ముప్ఫై శాతం అనేది స్థలం కాకుండా కట్టడం ఒక్కదాని విలువ మీద. పాత కట్టడం విలువ అసెసర్ పుస్తకంలో చాలా తక్కువ ఉంటుంది. పైకప్పు, హీటింగ్ కలిపి మారిస్తేనే ముప్ఫై శాతం దాటిపోవచ్చు. దాటగానే లిఫ్ట్, ర్యాంపులు, తలుపులు, పార్కింగ్ వాలు, అన్నీ లెక్కలోకి వస్తాయి. ఈ ఏడాది కొంచెం, వచ్చే ఏడాది కొంచెం చేసి తప్పించుకుందామంటే కుదరదు, 36 నెలల్లో తీసుకున్న పర్మిట్లన్నీ కలిపి లెక్కేస్తారు. మా టౌన్‌లో "ముక్కలుముక్కలుగా చేద్దాం" అన్న పెద్దమనిషి ఈ నియమం చదివాక మాతోపాటు ఇంటింటికీ తిరిగారు.

దీనిమీద ప్రభుత్వ పనులకు ఉండే ప్రివెయిలింగ్ వేజ్, అంటే పనివాళ్ళకు తప్పకుండా ఇవ్వాల్సిన నిర్ణీత కూలి రేటు. మీ ఇంటి కిచెన్ చేసిన కాంట్రాక్టర్ రేటుతో పోల్చడానికి లేదు. అంచనా 1.5 మిలియన్ దాటితే టౌన్ తరఫున ప్రాజెక్ట్ మేనేజర్‌ని పెట్టడం చట్టప్రకారం తప్పనిసరి. పాత స్కూలు కట్టడమైతే గోడల్లో, నేల పలకల కింద ఆరోగ్యానికి ప్రమాదకరమైన ఆస్‌బెస్టాస్ బయటపడే అవకాశం ఎక్కువ. వీటన్నిటికీ అనుకోని ఖర్చుల కింద కొంత పక్కన పెడతారు. ఆ కంటింజెన్సీ కొత్త కట్టడానికి ఎంత పెడతారో, పాతదాన్ని విప్పి బాగుచేసేటప్పుడు అంతకంటే ఎక్కువ పెట్టాలి. మీ ప్రాజెక్టులో అది మరీ తక్కువగా కనిపిస్తే అనుమానించండి. అంచనా ఏ సంవత్సరం వేశారో కూడా చూడండి. మూడేళ్ళ కిందటి అంచనా పట్టుకుని ఓటుకు వస్తే, టెండర్లు తెరిచిన రోజు మళ్ళీ అందరం టెన్షన్ పడాలి.

లెక్కల సంగతి ఇంత. కానీ నేను ఈ పనిలోకి వచ్చింది లెక్కల వల్ల కాదు.

మా పాత సెంటర్ ఒకప్పటి ఎలిమెంటరీ స్కూలు. మా అత్తగారిని మొదటిసారి అక్కడికి తీసుకెళ్ళింది ఒక అక్టోబరులో. ఆవిడకు గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్ళు నిండబోతున్నాయి. అరవై ఐదు దాటి, ఇక్కడ ఐదేళ్ళు ఉన్నవాళ్ళు, ఉద్యోగం చేసి ఉండకపోయినా, ప్రీమియం కట్టి పెద్దవాళ్ళ ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌లో చేరొచ్చన్న సంగతి మాకెవరికీ సరిగ్గా తెలీదు. ఆ చేరే గడువు దాటిపోతే, అందులో డాక్టర్ ఖర్చులకు ఉండే పార్ట్ బీ ప్రీమియం మీద జరిమానా పడి, అది ఉన్నంతకాలం కడుతూనే ఉండాలని అసలే తెలీదు. షైన్ అనే ఉచిత సలహా కార్యక్రమం ఈ రాష్ట్రంలో కౌన్సిల్ ఆన్ ఏజింగ్‌ల ద్వారా నడుస్తుంది. ఆ కౌన్సిలర్ గంటన్నర కూర్చుని మాకు అన్నీ విడమర్చి చెప్పారు. కూర్చున్నది ఎక్కడనుకున్నారు? కోట్లు తగిలించే నడవాలో, మడత బల్ల మీద. పక్కనుంచి మనుషులు వెళ్తూనే ఉన్నారు. మా అత్తగారి మందులు, బ్యాంకులో ఎంత ఉంది, అన్నీ నేను తెలుగులో అడిగి ఇంగ్లిష్‌లో పైకి చెప్పాలి. కౌన్సిలర్‌కి వినికిడి తక్కువ, గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మా అత్తగారికి ఇంగ్లిష్ రాదు గానీ నేను ఏం చెబుతున్నానో తెలుసు. ఆవిడ కొంగు సర్దుకుంటూ తల దించుకుని కూర్చున్నారు. ఆ రోజే నేను బోర్డు మీటింగ్ ఎప్పుడని అడిగాను.

బోర్డులోకి వచ్చాక, ఒక మంగళవారం పొద్దున వాకర్‌తో వచ్చిన పెద్దాయన బాత్రూమ్ గుమ్మం దగ్గర ఆగడం చూశాను. వాకర్ లోపలికి పట్టదు. దాన్ని బయట గోడకు ఆనించి, ఒక చేత్తో తలుపు చట్రం, ఇంకో చేత్తో సింకు అంచు పట్టుకుని అడుగు లోపల పెట్టారు. ఆయనకది అలవాటైపోయింది, ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. ఆయన వెళ్ళాక టేపు పెట్టి కొలిస్తే గుమ్మం 26 అంగుళాలుంది. వీల్‌చెయిర్ పోవాలంటే కనీసం 32 అంగుళాల ఖాళీ ఉండాలన్నది వికలాంగుల హక్కుల కోసం 1990లో వచ్చిన ఏడీఏ చట్టం తర్వాత దేశమంతా ఉన్న కొలత. ఆ ఆరు అంగుళాలు వెడల్పు చేయాలంటే అక్కడున్న ఇటుక గోడ కదిలించాలి, దానిలోంచి పోయే హీటింగ్ పైపు జరపాలి. ఇంజనీర్ రిపోర్టులో అది ఒక్క లైను. ఆ లైను వెనక ఆ పెద్దాయన ఉన్నారని రిపోర్టు చదివినవాళ్ళెవరికీ తెలీదు.

మా మొదటి ఓటు ఓడిపోవడానికి కారణం ఇదేనని ఇప్పటికీ నా నమ్మకం. మేము బొమ్మలు చూపించాం. ఎండ పడే పెద్ద హాలు, చుట్టూ చెట్లు. జనానికి అది విలాసంలా కనపడింది. రెండోసారి బొమ్మలు తగ్గించి, పొద్దున పదింటికి పాత సెంటర్‌లోనే టూర్లు పెట్టాం. ఆ గుమ్మం చూపించాం, బకెట్ పెట్టిన మూల చూపించాం, పాదాల నర్సు మడత తెర చాటున పనిచేసే నడవా చూపించాం. ఇంటి విలువ వేస్తే ఏడాదికి ఎంతో చెప్పే చిన్న పట్టిక ఒకే పేజీలో ఇచ్చాం. ప్లాన్‌లోంచి ఒక పెద్ద గది తీసేశాం కూడా, ఆ కోత న్యాయమైనదే. ఇంత చేసినా గెలిచింది రెండు వందల పైచిలుకు ఓట్లతోనే. మధ్యలో పోయిన రెండేళ్ళలో అంచనా పెరిగింది. గది తీసేసి మిగిల్చిన డబ్బులో చాలాభాగం ఆ పెరుగుదలే తినేసింది.

ఒక మాట, సెంటర్ డైరెక్టర్‌ని "ఎటు ఓటేయమంటారు" అని అడిగితే ఆవిడ ఏమీ చెప్పకపోతే తప్పుగా అనుకోకండి. ఓటుకు పెట్టిన ప్రశ్నల మీద ప్రభుత్వ డబ్బుతో, ఉద్యోగ సమయంలో ప్రచారం చేయకూడదని 1978లో ఈ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. వివరాలు అడిగితే చెప్పగలరు, ఓటు అడగలేరు. మా డైరెక్టర్ మౌనం చూసి "ఆవిడకే ఇష్టం లేదట" అని ప్రచారం చేశారు, పాపం ఆవిడ చాలా బాధపడ్డారు. ప్రచారం చేసేది పౌరులు విడిగా పెట్టుకున్న కమిటీ.

వ్యతిరేకించేవాళ్ళలో పెద్దవాళ్ళు కూడా ఉంటారు. అది చూసి ఆశ్చర్యపోవద్దు, తప్పుపట్టొద్దు. పెన్షన్ మీద బతికేవాళ్ళకు 118 డాలర్లు కూడా లెక్కే. వాళ్ళకు "మీ కోసమే కదా" అని చెప్పడం మర్యాద కాదు, ఉన్న సహాయాలు చెప్పడం మర్యాద. అరవై ఐదు దాటినవాళ్ళకు ఆస్తి పన్ను, నీళ్ళ బిల్లులో సగం కలిపి ఆదాయంలో పది శాతం మించితే రాష్ట్రం సర్క్యూట్ బ్రేకర్ అనే క్రెడిట్ ఇస్తుంది. ఆదాయానికి, ఇంటి విలువకు పరిమితులున్నాయి. కట్టాల్సిన టాక్స్ ఏమీ లేకపోయినా డబ్బు చేతికి వస్తుంది, రిటర్న్ మాత్రం ఫైల్ చేయాలి. 2023 చట్టం దాని గరిష్ఠ మొత్తాన్ని రెట్టింపు చేసింది. టౌన్‌లో కొన్ని గంటలు పనిచేసి పన్ను తగ్గించుకునే పథకం చాలా టౌన్లలో అరవై దాటినవాళ్ళకు ఉంది, అదే చట్టం ఆ పరిమితిని 1,500 నుంచి 2,000 డాలర్లకు పెంచింది. ఇల్లు అమ్మేదాకా పన్ను వాయిదా వేసుకునే వీలూ ఉంది. వీటి ఫారాలు నింపడానికి సాయం చేసేది కూడా చాలాచోట్ల ఆ సీనియర్ సెంటరే.

నేను ఔననే పక్షం అని మీకు అర్థమయ్యే ఉంటుంది. అయినా నో అనడానికి న్యాయమైన కారణాలు ఉండొచ్చు, అవి దాచను. మొదటిది నడిపే ఖర్చు. డెట్ ఎక్స్‌క్లూజన్ భవనం పనికి చేసే అప్పుకు మాత్రమే. పెద్ద కట్టడానికి కావాల్సిన కరెంటు, శుభ్రం చేసేవాళ్ళు, ఇంకో ఇద్దరు ఉద్యోగులు, వ్యాన్ డ్రైవరు, ఇవన్నీ ప్రతి ఏటా మామూలు బడ్జెట్‌లోంచి రావాలి, ఆ రెండున్నర శాతం గీత లోపలే. దీనికి ప్రణాళిక లేకపోతే రెండేళ్ళ తర్వాత ఓవర్‌రైడ్ అడుగుతారు, అప్పుడు మీ పక్కింటాయన భయపడ్డదే జరుగుతుంది. ఐదేళ్ళ నిర్వహణ అంచనా అడగండి. చూపించలేకపోతే నా లెక్కలో అది పెద్ద లోపం. రెండోది స్థలం. పార్కింగ్ సరిపోని చోట, వాలు ఎక్కువున్న చోట ఎన్ని మిలియన్లు పోసినా జనవరి మంచులో పెద్దవాళ్ళు రాలేరు. పాతదాన్ని బాగుచేయడం, కొత్తది కట్టడం, రెండిటి అంచనాలూ పక్కపక్కన పెట్టి చూపించారా అన్నది మూడోది. సెంటర్‌కి వచ్చేవాళ్ళు ఎవరు, ఏమడుగుతున్నారు అని సర్వే చేయకుండా ఆర్కిటెక్ట్ ఊహతో గీసింది అయితే నేనైనా ప్రశ్నిస్తాను.

"మనవాళ్ళెవరూ పోరు" అన్న మాట నాకు బాధ కలిగించింది. ఎందుకు పోరో తెలుసు కాబట్టి. కొడుకు, కోడలు పొద్దున ఎనిమిదింటికి వెళ్తే సాయంత్రం ఆరుకి వస్తారు. కారు నడపడం రాదు, బస్సు లేదు, భాష రాదు. మధ్యాహ్నం ఫోన్లో ఇండియాకి మాట్లాడదామంటే అక్కడ అర్ధరాత్రి. మా అత్తగారు ఏళ్ళ తరబడి అలాగే ఇంట్లో ఉన్నారు. కౌన్సిల్ ఆన్ ఏజింగ్ వ్యాన్ ఇంటి ముందుకే వస్తుందని మాకు తెలిశాక వారానికి రెండు రోజులు వెళ్ళడం మొదలుపెట్టారు. కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామానికి భాష అక్కర్లేదు. ఆరు నెలలకు ఆవిడ పక్కన కూర్చునే ఒక పోర్చుగీసు ఆవిడతో అల్లిక నేర్చుకుంటున్నారు. ఇద్దరికీ ఉమ్మడిగా ఒక్క భాష లేదు. మరుసటి ఏడాదికి వ్యాన్‌లో ఇంకో నలుగురు తెలుగు, గుజరాతీ పెద్దవాళ్ళు చేరారు. గ్రూపులో ఆ మాటన్న వారి అమ్మానాన్నలు మీ ఊళ్ళోనే ఉంటే, ఒకసారి అడిగి చూడమనండి.

ఓటుకు ఇంకా మూడు వారాల పైనే ఉంది కదా. ఒకరోజు సెలవు పెట్టి, మీ అమ్మగారిని తీసుకుని పొద్దున పదింటికి మీ సెంటర్‌కి వెళ్ళండి. టూర్ రోజున కాకుండా మామూలు రోజున వెళ్ళండి. ఆవిడని కారు దగ్గరనుంచి లోపలికి తనంతట తాను నడవనివ్వండి, బాత్రూమ్‌కి వెళ్ళి రానివ్వండి, ఒక కార్యక్రమంలో కూర్చోనివ్వండి. ఇంటికొచ్చాక ఎక్కడ ఇబ్బంది పడ్డారో అడిగి రాసుకోండి. ఆ కాగితం పక్కన ఇంజనీర్ రిపోర్టు పెట్టి, ఆ ఇబ్బందులు ఈ ప్రాజెక్టులో తీరుతున్నాయో లేదో మీ శ్రీమతితో కలిసి చూడండి. వారెంట్‌లో ఉన్న మొత్తం, బాండ్ గడువు, మీ టౌన్ మొత్తం అసెస్డ్ విలువ, ఈ మూడూ ఇక్కడ రాస్తే మీ ఇంటి లెక్క నేను కట్టి పెడతాను. మీ పేరు, వీధి మాత్రం రాయకండి.